తొమ్మిది మంది అంకమ్మలు

సోమవారం పొద్దున పదీ నలభైకి బాపట్ల నుంచి కిషోర్ ఫోన్ చేసేదాకా, తాను ఈ ఉద్యోగంలో చేసిన తెలివైన పని ఏదైనా ఉందంటే అది ఆ ఏఐ ఏజెంటును పనిలో పెట్టడమేనని తనూజ గట్టిగా నమ్ముతూ ఉంది. ఫోన్ ఎత్తిన అర నిమిషానికి ఆ నమ్మకం కాస్తా ఆవిరైంది.

కిషోర్ బాపట్ల దగ్గర కొత్తగా తెరుస్తున్న రొయ్యల ప్లాంటులో మనుషుల్ని పనిలోకి తీసుకునే వ్యవహారం చూస్తాడు. చెడ్డవాడేం కాదు గాని, పొద్దున లేచి ముందు గడియారానికి దండం పెట్టుకునే రకం. నూట ఇరవై మంది ఆడవాళ్ళను ఇస్తామని ఒప్పుకున్నారు, మీ లిస్టులో నూట పన్నెండు మందే కనబడుతున్నారు అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి గేటు పాసులు ప్రింటుకు వెళ్ళిపోతాయట. అప్పటికి లిస్టులో పేరున్నవాళ్ళే రేపు పొద్దున ప్లాంటు బస్సెక్కుతారు. మిగిలిన ఎనిమిది చోట్లకూ నెల్లూరు కాంట్రాక్టరు మనుషులు సిద్ధంగా ఉన్నారట.

“మూడు దాటితే నా చేతుల్లో ఉండదు మేడం,” అని పెట్టేశాడు.

తెనాలి బోసు రోడ్డులో ఒక బట్టల షాపు పైన మేడ మీద రెండు గదుల ఆఫీసు వాళ్ళది. ఊళ్ళు తిరిగి పని కావలసినవాళ్ళ పేర్లు రాసుకోవడం, మనుషులు కావలసిన కంపెనీలకు వాళ్ళను చేర్చడం వాళ్ళ పని. యజమాని రమేష్ బాబు. ఇంజనీరింగ్ చదివిన మనిషి ఆ ఆఫీసు మొత్తానికి తనూజ ఒక్కతే. కొల్లిపర నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది.

పేర్లన్నీ ఉండేది ఒక సాఫ్ట్‌వేర్‌లో. మనిషికో కార్డు. అందులో పేరు, ఊరు, ఫోను, మెడికల్ పరీక్ష, చివరికి ఎంపికా కాదా అన్న ముక్క. ఒక్కో కార్డు తెరిచి, మార్చి, మూసి, ఇంకోటి తెరిచేసరికి తనూజకు వేళ్ళు నొప్పి పుట్టేవి. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళే కమాండ్లతో నడిచే ఒక టూల్ కూడా ఇచ్చారు. అందులో బటన్లూ బొమ్మలూ ఉండవు. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేస్తే వంద కార్డులు ఒకేసారి కదులుతాయి. జనవరిలో తనూజ ఆ టూల్‌ను తీసుకెళ్ళి ఏఐ ఏజెంటు చేతికిచ్చింది. ఇక ఆమె తనకేం కావాలో తెలుగులో చెప్తే చాలు, ఏ కమాండు కొట్టాలో అదే చూసుకుని కొడుతుంది. రమేష్ బాబు మొదటి రోజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చూసి, జీతం అడగని గుమాస్తా దొరికాడని మురిసిపోయాడు.

మొదట్లో ఆ ఏజెంటు ప్రతి మార్పుకూ ముందు ‘చేయమంటారా?’ అని అడిగేది. రోజుకు మూడొందల సార్లు ‘చెయ్యి’ అని కొట్టడం తనూజకు విసుగనిపించింది. నమ్మి పని అప్పజెప్పాక ఇంకా ఈ అడగడమేమిటని ఒకనాడు ఆ అడ్డు తీసేసి, అడగకుండా చేసుకుపొమ్మంది. టూల్‌కు ఇచ్చే కీ, అంటే దాన్ని తెరిచే రహస్య సంకేతం, కూడా అంతే. చూడటానికి మాత్రమే పనికొచ్చే కీ ఒకటి ఉన్నా, రాయడానికీ చెరపడానికీ పనికొచ్చే కీనే ఇచ్చింది. తెలియక చేసిన పని కాదది. తొందర, ఆపైన కొంచెం గర్వం.

ఇప్పుడు ఆ నల్ల తెర ముందు కూర్చుని, ఎనిమిది మంది ఏమయ్యారని అడిగింది. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

‘శుక్రవారం మధ్యాహ్నం మీరు డూప్లికేట్లు తీసేయమన్నారు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు నాలుగూ ఒకటే ఉన్న తొమ్మిది కార్డులను ఒకే కార్డుగా కలిపాను. పేరు: పెనుమూడి అంకమ్మ. అందులో మెడికల్ ఫెయిల్ అని ఉన్నందున మీ నియమం ప్రకారం తిరస్కరించి, సందేశం పంపాను. కలిపిన కార్డులను తిరిగి విడదీయడం ఈ సాఫ్ట్‌వేర్‌లో కుదరదు.’

తనూజ ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. మూడోసారి చదవాల్సిన పని లేకపోయింది.

పెనుమూడి ఒక మనిషి ఇంటిపేరు కాదు, ఊరి పేరు. రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున ఉంటుంది. ఆ చుట్టుపక్కల అంకమ్మ తల్లి పేరు పెట్టుకోని ఇల్లు అరుదు. నలభై మంది ఆడవాళ్ళ ముఠాలో తొమ్మిది మంది అంకమ్మలుంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు. పెద్దంకమ్మ, చిన్నంకమ్మ, రేవు కాడ అంకమ్మ అని వాళ్ళ గుర్తులు వాళ్ళకుంటాయి. ఆ గుర్తులు కార్డులోకి ఎక్కలేదు. రేపల్లెలో పేర్లు రాసుకున్న రోజున జనం విరగబడ్డారు. ఇంటిపేరు గడి నింపందే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు కనక, ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చోలేక, అందరికీ ఊరి పేరు కొట్టెయ్యమంది తనూజే. పుట్టిన తేదీ తెలియదంటే జనవరి ఒకటి, పంతొమ్మిది వందల తొంభై వెయ్యమంది కూడా తనూజే. ఫోను అడిగితే ముఠాకు ముఠా తమ మేస్త్రి భువనేశ్వరి నంబరే ఇచ్చింది, ఎందుకంటే వాళ్ళకు ఏ కబురైనా వచ్చేది ఆమె ఫోనుకే. ఆధార్ కాగితాలు తీసుకోవడం ఆ ఆఫీసులో ఎప్పుడో మానేశారు, ఒకసారి ఎవరో ఆ కాపీలతో సిమ్ కార్డులు తీసుకుని గొడవైంది. గడులన్నీ తర్వాత సరిచేద్దామనుకున్నారు. ఆ తర్వాత అనేది ఆ ఆఫీసులో ఎప్పుడూ రాదు.

ఇక ఏజెంటును ఏమనాలి? తొమ్మిది మందినీ ఒకే మనిషిగా రాసి దానిముందు పెట్టింది వీళ్ళు. అది నమ్మింది, అంతే. తొమ్మిది మందిలో ఎవరో ఒకరు మెడికల్ పరీక్షలో తప్పారు. ఆ తప్పిన ముక్క వచ్చి కలిపిన కార్డు నెత్తిన కూర్చుంది. దాంతో తొమ్మిది మందీ పోయారు.

రమేష్ బాబుకు సంగతి చెప్తే ఆయన మొహం మాడిపోయింది. ముందు తిట్టాడు. తర్వాత కొంచెం తమాయించుకుని, వాళ్ళకు ఫోన్ చేసి సర్వర్ పాడైందని చెప్పి పేర్లు మళ్ళీ చెప్పించుకోమన్నాడు. తనూజ భువనేశ్వరికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ స్విచ్చాఫ్ అని వచ్చింది. ఫోటోలు లేకుండా ప్లాంటు వాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు. ఆమె లాప్‌టాప్ సంచిలో పడేసుకుని మెట్లు దిగింది. అప్పటికి పదకొండుంబావు.

జంపని, వేమూరు, భట్టిప్రోలు. తెలిసిన రోడ్డే, ఇవాళ ఎంతకీ తరగలేదు. భట్టిప్రోలు దగ్గర గేటు పడి ఎనిమిది నిమిషాలు ఆగాల్సి వచ్చింది. తెనాలి వెళ్ళే రైలు తీరుబడిగా వెళ్తుంటే తనూజకు దాని మీద కూడా కోపం వచ్చింది. ఫిబ్రవరి ఎండే అయినా చున్నీ కింద మెడంతా చెమట. దారిలో రెండుసార్లు ఫోన్ మోగింది, రమేష్ బాబే. ఎత్తలేదు.

ముందు రేపల్లెలో మెడికల్ పరీక్షలు చేసిన ల్యాబ్ దగ్గర ఆగింది. అక్కడ యేసుదాసు అని ఒక పెద్దాయన ఇప్పటికీ అన్నీ పుస్తకంలోనే రాసుకుంటాడు. కంప్యూటర్లో ఎక్కించాక పుస్తకం ఎందుకని ఆయన్ను చూసి నవ్వుకున్న రోజులున్నాయి తనూజకు. ఇవాళ ఆ పుస్తకం తెరవగానే ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. తొమ్మిది మంది అంకమ్మలూ వరసగా ఉన్నారు, ఇంటిపేర్లతో, వయసులతో. మోపిదేవి అంకమ్మ, సైకం అంకమ్మ, ఉప్పాల అంకమ్మ. ఎనిమిది మందికి పక్కన సరే అని ఉంది. కొక్కిలిగడ్డ అంకమ్మ, ఇరవై నాలుగేళ్ళు, దగ్గర మాత్రం డాక్టరు రెండు వరుసలు రాశాడు. రెండు చేతులకూ పుండ్లు, రొయ్యల నీళ్ళు తగిలితే పెరుగుతాయి, ఈ పనికి పంపకూడదు. ఆ మాట పిల్లతో డాక్టరు గారే చెప్పారండి, నేను పక్కనే ఉన్నా, అన్నాడు యేసుదాసు.

తనూజ ఆ పేజీ ఫోటో తీసుకుని బయల్దేరింది.

పెనుమూడిలో భువనేశ్వరి ఇంటి ముందు రేకుల పందిరి కింద ముఠాలో సగం మంది ఉన్నారు. రేపటి ప్రయాణం కదా, సంచులు సర్దుకునేవాళ్ళు, జాకెట్లకు గుండీలు కుట్టుకునేవాళ్ళు. ఫోను ఏమైందంటే చార్జింగు పెట్టానండి, కరెంటు పోయింది అంది భువనేశ్వరి. నలభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు, పదేళ్ళుగా ఈ ముఠాను నడుపుతోంది. తనూజను చూడగానే ఆమె నవ్వు మొహంలోంచి పోయింది. బస్సు రావడం లేదా అని అడిగింది.

బస్సు వస్తుందని తనూజ చెప్పింది. అంకమ్మల గురించి వచ్చానంది.

శుక్రవారం ఏం జరిగిందో భువనేశ్వరే చెప్పింది. సాయంత్రం అందరూ ఇక్కడే ఉండగా మెసేజి వచ్చింది. ఆమె అలవాటు ప్రకారం పైకి చదివింది. పెనుమూడి అంకమ్మ గారూ, క్షమించాలి, మీరు ఎంపిక కాలేదు అని. ఒకటే మెసేజి. తొమ్మిది మంది అంకమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ అంకమ్మ అన్నది అందులో లేదు. తెనాలి ఆఫీసుకు ఫోన్ చేస్తే సాయంత్రం కనక ఎవరూ ఎత్తలేదు. అరగంట సేపు నువ్వంటే నువ్వని పెద్ద రభస అయింది. ఇట్లాగైతే అంకమ్మలెవర్నీ బస్సు ఎక్కించను, తేల్చుకోండి అని భువనేశ్వరి కోప్పడింది. అప్పుడు పెద్దంకమ్మ లేచి, నా పేరే అయ్యుంటది, అందరికంటే ముసల్దాన్ని నేనే కదా అని చెప్పి వెళ్ళిపోయింది. శనివారం పొద్దున్నే వంతెన దాటి, పులిగడ్డ వైపు మినుము పీకే పనికి కుదురుకుంది.

ఆఫీసులో కూర్చుని తనూజ డూప్లికేట్లు తీసేయమన్న రెండు మాటలు ఇక్కడ ఈ పందిరి కింద ఇంత పని చేశాయి.

సర్వర్ పాడైందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రమేష్ బాబు నేర్పిన మాట, ఎవరూ ఎదురడగని మాట. ఆమె దాన్ని మింగేసింది.

“తప్పు నాదక్కా,” అంది భువనేశ్వరితో. “మీ తొమ్మిది మంది పేర్లూ నేనే సరిగ్గా రాయించలేదు. దాంతో కంప్యూటరు మిమ్మల్నందర్నీ ఒక్క మనిషే అనుకుని తీసేసింది. మూడింటిలోపు మళ్ళీ ఎక్కించకపోతే ఎవరికీ పాసు రాదు.”

భువనేశ్వరి ఆమెను ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. తిట్టడానికి నోట్లో మాటలు చాలానే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. టైమెంతైందని మాత్రం అడిగి, ఎనిమిది మందినీ గోడ దగ్గర వరసలో నిలబెట్టింది.

ఒక్కొక్కరికీ ఫోటో, అసలు ఇంటిపేరు, అసలు వయసు, సొంతానికి ఒక ఫోను నంబరు. మొగుడిదో, మరిదిదో, పక్కింటి వాళ్ళదో, ఏదైనా సరే, ఒకరిదింకొకరికి ఉండకూడదు. ఆరో మనిషి దగ్గరకు వచ్చేసరికి తనూజ చేతిలో ఫోను ఆగింది. సన్నగా, ఎత్తుగా ఉన్న పిల్ల. చేతులు పైట కింద దాచుకుని నిలబడింది. పేరడిగితే, కొక్కిలిగడ్డ అంకమ్మనండి, అందరూ చిన్నంకమ్మ అంటారు అంది. ల్యాబ్ పుస్తకంలో డాక్టరు రెండు వరుసలు రాసిన పేరు ఇదేనని తనూజకు తెలిసింది. తనూజకు తెలిసిందని ఆ పిల్లకూ తెలిసింది.

చెప్పాల్సింది అప్పుడే. చుట్టూ ఏడుగురున్నారు, పందిరి కింద ఇరవై మందున్నారు, టైము ఒకటింబావు దాటింది. తనూజ ఆమె ఫోటో కూడా తీసుకుని, తర్వాతి మనిషిని రమ్మంది. పిరికితనమే అది. తొందరలో ఉన్నానని తనకు తాను సర్దిచెప్పుకుంది గాని, పిరికితనమే.

స్కూటీ మీద వంతెన ఎక్కింది. కింద కృష్ణలో నీళ్ళు పల్చగా, ఇసుక మేటలు పైకి తేలి ఉన్నాయి. వంతెన ఎంత పొడుగో ఆ రోజు మొదటిసారి తెలిసింది ఆమెకు. అవతల దిగాక మూడు చోట్ల అడిగితే గాని చేను దొరకలేదు. గట్టు మీద స్కూటీ వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మడిలోకి నడిచింది. పదిహేను మంది ఆడవాళ్ళు వంగి మినుము మొక్కలు పీకుతున్నారు. పెద్దంకమ్మా అని పిలిస్తే ఒక్కరే నడుం పట్టుకుని లేచారు. నెరిసిన జుట్టు, నుదుటి మీద చెమటకు కరిగిన బొట్టు.

తనూజ చెప్పిందంతా ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంటూ విన్నది. నువ్వు ఎంపికయ్యావు పెద్దమ్మా, ఆ మెసేజి నీది కాదు, రేపు బస్సు ఎక్కాలి, అంటే సంతోషపడుతుందనుకుంది తనూజ. ఆమె సంతోషపడలేదు.

“నాది కాదని నాకు తెలుసమ్మా,” అంది. “డాక్టరుబాబు నా కళ్ళు చూసి, చేతులు చూసి, అంతా బావుందవ్వా అన్నాడు. ఆ మెసేజి చదివేటప్పుడు ఆ పిల్ల చేతులు పైట కింద పెట్టుకుని కూర్చుంది. నేను చూశాను. నోరు తెరిచి నాదీ అంటదేమోనని చూశా. అనలేకపోయింది.”

మరి నువ్వెందుకు తీసుకున్నావని తనూజ అడిగింది. పెద్దంకమ్మ వయసు నలభై తొమ్మిది. ప్లాంటు వాళ్ళు యాభై దాటితే తీసుకోరు. ఏడాది పొడుగునా పనుండే చోటు ఆమెకు ఇదే మొదటిది, వదిలేస్తే ఇదే చివరిది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆమె నవ్వింది. “ఎవరో ఒకరు తీసుకోకపోతే తొమ్మిది మందీ ఆగిపోయేవాళ్ళం కదా. నాకైతే మినుములున్నాయి, తర్వాత ఇంకోటి ఉంటది. ఆ పిల్ల ఈ ఊరొచ్చి ఏడాదే అయ్యింది, వాళ్ళత్త నోటికి భయపడి చస్తంది.” మళ్ళీ తనే, “అయితే ఇప్పుడు ఆ పిల్ల సంగతేంటి?” అంది.

తనూజ యేసుదాసు పుస్తకంలోని పేజీ చూపించి చదివింది. రొయ్యల నీళ్ళు తగిలితే పుండ్లు పెరుగుతాయన్న చోట పెద్దంకమ్మ నవ్వడం మానేసింది. సీజన్లలో రొయ్యల షెడ్లకు వెళ్ళి ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి ఆ మాట ఎంత నిజమో ఎవరూ చెప్పక్కర్లేదు. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి, అన్నం ముద్ద కలుపుకోలేక ఏడ్చినవాళ్ళను ఆమె చూసింది.

“అయితే పంపకూడదు,” అంది. నడుముకు దోపుకున్న చీరకొంగు లాగి మొహం తుడుచుకుంది. “నేనొస్తాను. కానీ ఆ పిల్లకి నువ్వే చెప్పు. ఫోన్లో కాదు. మళ్ళీ ఆ మెసేజీ భువనేశ్వరి ఫోనుకొచ్చి అందరి ముందూ చదివిద్ది. నువ్వు పక్కకి పిలిచి చెప్పు.”

వంతెన మీద తిరిగి వస్తుంటే ఎదురుగాలి. పెద్దంకమ్మ వెనక కూర్చుని తనూజ భుజం గట్టిగా పట్టుకుంది, ఆమె స్కూటీ ఎక్కడం అదే మొదటిసారి. పందిరి దగ్గర దిగేసరికి రెండూ ముప్పై అయిదు.

తనూజ అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి, ఫోను నుంచి నెట్ కలిపింది. అన్నిటికంటే ముందు ఏజెంటుకు అడ్డు తిరిగి పెట్టింది. ఏ మార్పైనా చెప్పి, అడిగి, ఒప్పుకున్నాకే చెయ్యాలి. ఒక్కో అంకమ్మకు కొత్త కార్డు. ఏజెంటు కమాండు రాసి చూపించేది, ‘చేయమంటారా?’ అనేది. తనూజ పైకి చదివేది. సైకం అంకమ్మ, భర్త పేరు ఫలానా, వయసు ముప్పై ఎనిమిది. వరసలోంచి ఒకామె నేనేనండి అనేది. అప్పుడు ‘చెయ్యి’.

మూడో కార్డు అవగానే నెట్ పోయింది. తనూజ లాప్‌టాప్ ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తి, ఆగి ఉన్న ట్రాక్టరు మీద పెట్టుకుని మళ్ళీ కలిపింది. అంకమ్మలు వెనకే వచ్చి చుట్టూ నిలబడ్డారు. రెండూ నలభై ఎనిమిది, ఇంకా అయిదుగురున్నారు. అడగకుండా చేసుకుపొమ్మంటే అర నిమిషంలో అయిపోతుంది, ఆ సంగతి తనూజ వేళ్ళకు తెలుసు. వేళ్ళు అటే లాగాయి. ఆమె పళ్ళ బిగువున ఒక్కొక్కరినే చదివింది. పెద్దంకమ్మకు ఏ ఫోనూ లేదు. ఆ గడిలో తనూజ తన నంబరు రాసింది.

రెండూ యాభై ఆరుకు ఎనిమిది కార్డులూ ఎంపిక గడిలోకి వెళ్ళాయి. మిగిలిన పాత కార్డు మీద పైకి చదవకుండానే కొక్కిలిగడ్డ అని ఇంటిపేరు దిద్దించింది. కిషోర్‌కు ఫోన్ చేసింది. అవతల కీబోర్డు చప్పుడు వినబడింది.

“నూట ఇరవై ఉన్నాయి మేడం. ప్రింటుకి ఇస్తున్నా,” అన్నాడు.

ఆడవాళ్ళు గోల చేస్తారనుకుంది. చెయ్యలేదు. ఎనిమిది మంది పేర్లు చదివిందని, తొమ్మిదో పేరు చదవలేదని అందరూ లెక్కపెట్టుకునే ఉన్నారు. పెద్దంకమ్మ వాళ్ళను తోలుకుని పందిరి వైపు వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. ట్రాక్టరు దగ్గర చిన్నంకమ్మ ఒక్కతే మిగిలింది.

తనూజ ట్రాక్టరు దగ్గర్నుంచి జరిగి ఆ పిల్ల ఎదురుగా నిలబడింది. ఆఫీసులో ఆ మాట ఇన్నాళ్ళూ ఏజెంటు ఎంత సులువుగా పంపేదో, ఇక్కడ గొంతులోంచి రావడానికి అంత కష్టపడింది.

“అంకమ్మా, నీకు ఈ పని ఇవ్వలేకపోయాం. నీ చేతులు రొయ్యల్లో పెట్టకూడదని డాక్టరు రాశారు. ఆ మెసేజి నీకు రావాల్సింది. నా తప్పు వల్ల అందరికీ వచ్చింది.”

ఆ పిల్ల పైట కిందినుంచి చేతులు బయటికి తీసింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి.

“నాకు ముందే తెలుసండి. డాక్టరు గారు చెప్పారు,” అంది. “ఆ పేరు నా ఒక్కదానిదే కాదు కదా, ఏమో, వేరే వాళ్ళదేమో అనుకున్నా. పెద్దంకమ్మ లేచినప్పుడు కూడా నోరు రాలేదు. తప్పేనండి.”

తనూజ ఏదో అనబోయింది. చేతులు తగ్గాక ప్యాకింగులోనో ఇంకెక్కడో చూస్తాననాలని. కిషోర్‌ను అడగకుండా అలాంటి మాట ఇవ్వకూడదని తెలిసి ఊరుకుంది. అడిగి చెప్తానంది. ఆ పిల్ల తలూపింది, నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

“ఈ మూడు రోజులూ మా అత్త నన్ను పేరు పెట్టి పిలిచిందండి,” అంది. “పెళ్ళయ్యి వచ్చిన కాడ్నుంచీ ఏమేవ్ అనేది. రేపు బస్సెక్కుతానని శుక్రవారం నుంచీ అంకమ్మా, అన్నం తిన్నావా అంటంది. ఇంటికెళ్ళి చెప్పాలి కదండీ ఇప్పుడు. అందుకే కొంచెంసేపు ఇక్కడే ఉంటాను.”

ట్రాక్టరు మీద లాప్‌టాప్ ఇంకా తెరిచే ఉంది. ఏజెంటు అడిగి ఎదురు చూస్తోంది.

‘కొక్కిలిగడ్డ అంకమ్మ: మెడికల్ ఫెయిల్. నియమం ప్రకారం భువనేశ్వరి గారి నంబరుకు తిరస్కరణ సందేశం పంపమంటారా?’

తనూజ వద్దని కొట్టింది. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది గాని స్కూటీ వైపు వెళ్ళలేదు. తెనాలి నుంచి రమేష్ బాబు ఫోన్ మోగుతూనే ఉంది. మీ అత్తగారి దగ్గరకు నేనూ రానా అని అడిగింది.

చిన్నంకమ్మ తన చేతుల వంక చూసుకుంది. రండి అంది.